మూడు ముళ్లకు మూడు కెమెరాలు: లాభమెంత, నష్టమెంత?

పల్లెల్లో పెళ్లి ముహూర్తం ఖాయం కాగానే పురోహితునికి, మేళానికి, వంటవారికి బయానా ఇవ్వడం పాత ఆనవాయితీ. ఈ వరుసలో వీడియోవారు చేరి చాలా కాలమైంది. కాగా ఇటీవలి సంవత్సరాల్లో వీడియోవారు అడిగే మొదటి ప్రశ్న మారింది. “కెమెరాలు ఎన్ని పెట్టమంటారు?” అని అడుగుతున్నారు. పందిట్లో రెండు మూడు కెమెరాలు, పైన ఎగిరే డ్రోన్ ఒకటి, బయట కూర్చున్న బంధువులు చూడడానికి ఎల్‌ఈడీ తెర ఒకటి అంటూ లెక్క పెరిగిపోతున్నది.

పక్క వీధి పెళ్లిలో మూడు కెమెరాలు పెట్టారు కాబట్టి మనమూ మూడు పెట్టవలసిందేనన్న పట్టుదల కొన్ని ఇళ్లలో కనిపిస్తున్నది. అప్పు తెచ్చి పెళ్లి చేసే రైతుకు ఇది అదనపు భారం. అసలు ఒకటికి మించి కెమెరాలు ఎందుకు పెడతారు, ఎక్కడ పనికివస్తాయి, ఎక్కడ దండుగ అనే విషయం తెలిసి బయానా ఇస్తే ఖర్చుకు తగిన ఫలితం దక్కుతుంది.

ఒక్కసారే జరిగే పని

సినిమా షూటింగు చూసినవారికి ఒక సంగతి తెలిసే వుంటుంది. అక్కడ సాధారణంగా ఒకే కెమెరాతో పని నడుస్తుంది. నాయకుడు మాట్లాడేటప్పుడు కెమెరా అతని వైపు వుంటుంది. ఆ ముక్క అయిన తర్వాత కెమెరాను, దీపాలను జరిపి నాయిక వైపు పెట్టి అదే సంభాషణను మళ్లీ చెప్పిస్తారు. నచ్చకపోతే పదిసార్లయినా చెప్పిస్తారు. తెరపై చూసే మనకు ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకున్నట్లే తోస్తుంది.

మళ్లీ చేయించడానికి వీలున్న పనికి ఒక కెమెరా చాలు. వీలులేని పనికే రెండవ కెమెరా అవసరం. జపాను దర్శకుడు అకిరా కురొసావా 1954లో విడుదలైన ‘సెవెన్ సమురాయ్’ చిత్రంలో ఈ కారణంగానే ఎక్కువ కెమెరాలు వాడారు. దొంగల దండు నుంచి తమ ఊరిని, పంటను కాపాడుకునేందుకు రైతులు యోధులను పిలుచుకునే కథ అది. చివరి పోరాటం జోరువానలో, బురదలో, గుర్రాల మధ్య సాగుతుంది. గుర్రం ఏ వైపు జారుతుందో, మనిషి ఎక్కడ పడతాడో ముందుగా చెప్పలేరు. పడినదాన్ని పడినట్లు మళ్లీ చేయించనూ లేరు. అందువల్ల ఒకే సంఘటనను పలువైపుల నుంచి ఒకేసారి తీయించారు. ఆ తర్వాతి చిత్రాలలోనూ ఆయన ఈ పద్ధతిని కొనసాగించారు.

మన పెళ్లి కూడా ఇటువంటిదే. జీలకర్ర బెల్లం ఒక్కసారే పెడతారు. తాళి ఒక్కసారే కడతారు. అయినా ఒకే కెమెరా వున్న పెళ్లిళ్లలో కెమెరామన్ “బాబూ, ఇటు తిరిగి మళ్లీ ఒకసారి” అని వరుని చేయి ఆపించడం, పురోహితుడు మంత్రం మధ్యలో నిలిచిపోవడం చాలామంది చూసినదే. సుముహూర్తం ఘడియలు చూసి పెట్టుకున్న పెళ్లిలో కెమెరా కోసం తంతు ఆగడం సబబు కాదు. రెండు కెమెరాలు తగిన చోట వుంటే ఈ అడగడం తప్పుతుంది. ఎక్కువ కెమెరాల వల్ల కలిగే మొదటి లాభం, ముఖ్యమైన లాభం ఇదే.

రెండు విధాలు

పలు కెమెరాలతో తీయడంలో రెండు విధాలున్నాయి. మొదటి దానిలో ఏ కెమెరా కార్డులో ఆ కెమెరా బొమ్మ రికార్డవుతుంది. తర్వాత స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని, అన్నింటినీ ఒకే కాలానికి జతపరిచి, ఏ క్షణంలో ఏ కెమెరా బొమ్మ వుండాలో ఎంచుతారు. ఇలా జతపరచడానికి సినిమాలో క్లాప్ కొడతారు. చప్పుడు వినిపించిన చోట అన్ని బొమ్మలనూ కలుపుతారు. పెళ్లిలో క్లాప్ కొట్టే పని లేదు. పురోహితుని సైగతో గట్టిమేళం ఒక్కసారిగా మొదలవుతుంది కదా, ఆ మొదటి డోలు దెబ్బ అన్ని కెమెరాల్లోనూ పడుతుంది. దానినే గుర్తుగా పట్టుకోవచ్చు.

రెండవ విధానంలో కెమెరాల నుంచి తీగలు ఒక మిక్సింగ్ యూనిట్‌కు వస్తాయి. అక్కడ కూర్చున్న మనిషి అన్ని బొమ్మలనూ చూస్తూ మీటలు నొక్కి ఒకదాన్ని బయటకు పంపుతాడు. పందిరి బయటి ఎల్‌ఈడీ తెరపై కనిపించేది, ఊళ్లకు ప్రత్యక్షంగా వెళ్లేది అదే. టీవీలో క్రికెట్టు, తిరుమల బ్రహ్మోత్సవాలు మనం చూస్తున్నది ఈ పద్ధతిలోనే. ఇందులో పని అక్కడికక్కడే పూర్తవుతుంది. కాని మీట నొక్కడంలో పొరపాటు జరిగితే అదీ అక్కడికక్కడే అందరికీ కనిపిస్తుంది. కెమెరాల్లో విడిగా కార్డులు కూడా నడుస్తుంటే తర్వాత సరిచేసుకోవచ్చు. ఖర్చు తగ్గుతుందని కార్డులు మానేసేవారు ఆ అవకాశాన్ని పోగొట్టుకుంటారు.

క్రికెట్టు నేర్పిన పాఠం

కెమెరా ఎక్కడ వున్నదన్నది ఎన్ని వున్నాయన్న దానికంటే ముఖ్యమని చెప్పడానికి క్రికెట్టు మంచి ఉదాహరణ. పూర్వం ఆస్ట్రేలియాలో టీవీ ప్రధాన కెమెరాలు మైదానానికి ఒక కొననే వుండేవి. అందువల్ల ఒక ఓవరులో బ్యాట్స్‌మన్ ముఖం కనిపిస్తే మరుసటి ఓవరులో వీపు కనిపించేది. 1977లో కెర్రీ ప్యాకర్ వరల్డ్ సిరీస్ క్రికెట్ మొదలుపెట్టినప్పుడు రెండు కొనలా కెమెరాలు పెట్టించారు. ఆ తర్వాత అదే లోకమంతటా పద్ధతి అయింది.

1992 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జరిగిన టెస్టులో మన సచిన్ టెండూల్కర్ రనౌట్ అయ్యారు. టీవీ బొమ్మను చూసి మూడవ అంపైరు ఔట్ అని నిర్ణయించిన మొదటి సందర్భం అది. క్రీజుకు అడ్డంగా పక్కనుంచి చూసే కెమెరా వుంటేనే ఇటువంటి తీర్పు సాధ్యం. ఎదుటి నుంచి ఎన్ని కెమెరాలు చూసినా బ్యాటు గీత దాటిందీ లేనిదీ తేలదు. మన ఊళ్ల బండలాగుడు పోటీలకూ ఇది వర్తిస్తుంది. ఎద్దుల జత లాగిన దూరంపై తగాదా వస్తే బండ ఆగిన చోట, గీతకు సమంగా పక్కన స్టాండుపై కదలకుండా పెట్టిన కెమెరా సాక్ష్యం చెప్పగలదు. ఎద్దుల వెంట పరుగెత్తుతూ తీసిన కెమెరా ఆ పని చేయలేదు.

నాటకం ఎందుకు అతకదు?

జాతర్లలో పద్య నాటకాలను ఇప్పుడు చాలాచోట్ల వీడియో తీసి దాచుకుంటున్నారు. పాత తరం నటుల రాగాలు, హార్మోనిస్టుల వాయిద్యం నిలిచిపోవాలంటే ఇది చేయవలసిన పనే. ఒకే కెమెరా వున్నచోట తెలివైన కెమెరామన్ ఒక కిటుకు చేస్తుంటాడు. జనం “వన్స్ మోర్” అనగానే నటుడు పద్యాన్ని మళ్లీ అందుకుంటాడు. మొదటిసారి దూరం నుంచి తీసి, రెండవసారి ముఖాన్ని దగ్గరగా తీసి, తర్వాత రెండూ కలుపుదామనుకుంటాడు.

అయితే అది అతకడం కష్టం. మొదటిసారి కుడిచేతిలో వున్న గద రెండవసారి ఎడమచేతికి మారుతుంది. రాగం ఒకసారి తీసినంత పొడుగు మరోసారి వుండదు. పెదవి ఒక అక్షరం దగ్గర, పాట మరొక అక్షరం దగ్గర వుంటాయి. రెండు కెమెరాలతో ఒకేసారి తీస్తే ఈ చిక్కే లేదు. గద ఒకటే, రాగం ఒకటే, చూసే చోటు మాత్రమే వేరు.

అమెరికాలో 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ అనే టీవీ హాస్య నాటిక ఈ సూత్రం మీదనే నడిచింది. ఎదుట ప్రేక్షకులను కూర్చోబెట్టి మూడు ఫిల్ము కెమెరాలతో నాటికను ఒకేసారి తీసేవారు. జనం నిజంగా నవ్వుతుంటే నటులకు ఊపు వస్తుంది. కెమెరా జరపడానికి మాటిమాటికీ ఆపితే ఆ నవ్వు చల్లారిపోతుంది.

వెలుతురుతో తంటా

ఇక నష్టాల విషయానికి వస్తే మొదట చెప్పవలసింది వెలుతురు. ఒక కెమెరా వుంటే దీపాన్ని దానికి తగినట్లు అమర్చవచ్చు. ముఖంలో ఒక పక్క వెలుగు, ఒక పక్క కొద్దిపాటి నీడ వుంటే బొమ్మకు అందం వస్తుంది. అదే ముఖాన్ని రెండవ పక్కనుంచి చూసే కెమెరాకు నీడ తప్ప మరేమీ కనిపించదు. వెనుకనుంచి చూసే కెమెరా కంట్లో దీపమే పడుతుంది.

‘ఐ లవ్ లూసీ’కి ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్. జర్మనీలో 1927 నాటి ‘మెట్రోపాలిస్’ వంటి చిత్రాలకు పనిచేసిన ఉద్దండుడు. ఆయన దీపాలన్నింటినీ పైన కట్టించి రంగమంతా సమంగా వెలుతురు పరచారు. దానితో మూడు కెమెరాలకూ బొమ్మ పడింది. అయితే వెలుగు నీడల వల్ల వచ్చే లోతు మాత్రం తగ్గింది. అంతటి మనిషికే ఒకటి వదులుకుంటే తప్ప ఒకటి దక్కలేదు. రాత్రి ముహూర్తపు పెళ్లిళ్లలో కెమెరామన్ తల మీది దీపం ఒక్కటే దిక్కయినప్పుడు మూడు కెమెరాలు పెట్టినా రెండింటి బొమ్మ పనికిరాకపోవడంలో ఆశ్చర్యం లేదు. మండపం పైన నాలుగు వైపులా సమంగా దీపాలు కట్టించడం మూడవ కెమెరా కంటే ముందు చేయవలసిన పని.

రంగుల తేడా మరొకటి. ఒక్కొక్క కెమెరా ఒక్కొక్క కంపెనీది అయితే, తెలుపు సరిచూసుకోకుండా మొదలుపెడితే, ఒక బొమ్మలో ఎర్రగా వున్న పట్టుచీర మరో బొమ్మలో నారింజ రంగుకు తిరుగుతుంది. అన్ని కెమెరాలనూ ఒకే తెల్ల కాగితం ముందు సరిచేసుకుంటే చాలావరకు ఈ దోషం పోతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. కాబట్టి అన్నింటినీ సెకనుకు 25 ఫ్రేములకు, షట్టర్‌ను 50వ వంతు సెకనుకు పెట్టుకుంటే ట్యూబులైట్ల కింద బొమ్మ మిణుకుమిణుకుమనడమూ తగ్గుతుంది.

కెమెరాకు కెమెరా అడ్డం

మూడు కెమెరాలు మూడు వైపులా వుంటే ఒకదాని బొమ్మలో మరొకటి పడుతుంది. తాళి కట్టే క్షణం వీడియోలో వధూవరుల వెనుక ఇద్దరు కెమెరామన్లు, ఒక లైటు కుర్రవాడు నిలబడి వుండడం ఎన్నో ఇళ్ల వీడియోల్లో చూస్తున్నాం. కన్న తల్లిదండ్రుల ముఖాలు వుండవలసిన చోటు అది.

దిక్కు తారుమారు కావడం అంతకంటే సూక్ష్మమైన దోషం. వధూవరులు ఎదురెదురుగా కూర్చున్నారనుకుందాం. ముందునుంచి చూసే కెమెరాకు వధువు ఎడమ పక్కన వుంటే, వెనుకనుంచి చూసే కెమెరాకు కుడి పక్కకు వస్తుంది. రెండు బొమ్మలూ వెంటవెంటనే వేస్తే ఇద్దరూ చోట్లు మార్చుకున్నట్లు తోస్తుంది. బండలాగుడులో బాటకు చెరొక పక్క కెమెరాలు పెడితే ముందుకు పోతున్న ఎద్దులు హఠాత్తుగా వెనక్కు వస్తున్నట్లు కనిపిస్తాయి. అందుకే అనుభవం వున్నవారు ఇద్దరి మధ్య ఒక గీత వున్నదని ఊహించుకుని, కెమెరాలన్నింటినీ ఆ గీతకు ఒకే పక్కన వుంచుతారు.

కొన్ని పనులు ఒకే వైపు నుంచి చూడడానికే పుట్టాయి. మన జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటక సమాజం ఇందుకు నిదర్శనం. రంగు తెరలు, ఉన్నట్టుండి మారే సెట్టింగులు, తీగలపై గాలిలో తేలే పాత్రలు వారి ప్రత్యేకత. అవన్నీ ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుని కంటి కోసం కట్టినవి. పక్క తెర చాటున ఒక కెమెరా పెట్టారంటే తీగ కనిపిస్తుంది, లాగే మనిషి కనిపిస్తాడు, తెర మీది రాజమందిరం వట్టి గుడ్డ అని తెలిసిపోతుంది. అటువంటి చోట రెండవ కెమెరా కావాలంటే అది కూడా ప్రేక్షకుల మధ్యనే, దగ్గర బొమ్మ కోసం వుండాలి.

ఒక్క దీపం వెలగనందుకు

కెమెరాలు పెరిగేకొద్దీ మనుషులు పెరుగుతారు. మనుషుల మధ్య మాట కలవకపోతే ఏమవుతుందో 1957లో విడుదలైన ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ చిత్రీకరణలో తేలింది. నేటి శ్రీలంకలో, అప్పటి సిలోన్‌లో, నిజంగా కట్టిన చెక్క వంతెనను నిజమైన రైలు దానిపై వెళ్తుండగా పేల్చాలి. రెండవసారి అవకాశం లేదు కనుక పలుచోట్ల కెమెరాలు నిలిపారు. ప్రతి కెమెరామన్ కెమెరాను నడిపించి, తాను భద్రమైన చోటికి చేరినట్లు మీట నొక్కితే దర్శకుడు డేవిడ్ లీన్ వద్ద దీపం వెలిగే ఏర్పాటు చేశారు.

రైలు కదిలింది. దీపాలు వెలిగాయి, ఒక్కటి తప్ప. మనిషి ప్రాణం కంటే బొమ్మ ముఖ్యం కాదు కాబట్టి పేలుడు ఆపేశారు. రైలు వంతెన దాటి అవతల దేన్నో ఢీకొని ఆగింది. ఆ కెమెరామన్ క్షేమంగానే వున్నాడు. మీట నొక్కడం మాత్రం మరిచాడు. రైలును తిరిగి పట్టాలెక్కించి మరునాడు పేల్చి చిత్రించారు. అన్ని కెమెరాలు పెట్టిన పని ఒక్క మనిషి మరుపుతో ఒక రోజు వెనక్కుపోయింది.

పెళ్లి పందిట్లో ఇంత ప్రమాదం లేకపోయినా జరిగేది ఇదే. ముగ్గురు కెమెరామన్లకు ఎవరు ఏమి తీయాలో చెప్పేవారు లేకపోతే ముగ్గురూ తాళి మీదికే ఎగబడతారు. ఆ సమయంలో తండ్రి కళ్లు తుడుచుకున్నది ఎవరికీ పడదు.

ఖర్చు లెక్క

కెమెరా అద్దె ఒక్కటే ఖర్చు అనుకోరాదు. ప్రతి కెమెరాకు మనిషి, స్టాండు, బ్యాటరీలు, కార్డులు కావాలి. ఫిల్ము వున్న రోజుల్లో 35 మిల్లీమీటర్ల కెమెరా నిమిషానికి 90 అడుగుల ఫిల్ము తినేది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకు అయిపోయేది. మూడు కెమెరాలు కలిసి నిమిషానికి 270 అడుగులు మింగుతుంటే నిర్మాత గుండె చెరువయ్యేది.

ఇప్పుడు ఫిల్ము లేదు గాని లెక్క తప్పలేదు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే 4కె కెమెరా గంటకు 45 జీబీ నింపుతుంది. మూడు కెమెరాలు ఆరు గంటలు నడిస్తే 810 జీబీ. ఒక టీబీ హార్డ్ డిస్కు దాదాపు నిండినట్లే. పాడైపోతే అనే భయంతో రెండవ ప్రతి తీస్తే రెండు డిస్కులు. పైగా ఆరు గంటల పెళ్లి పద్దెనిమిది గంటల బొమ్మ అవుతుంది. దాన్నంతటినీ ఒక మనిషి కూర్చుని చూసి ఎంచాలి. వీడియో చేతికి రావడం నెలల తరబడి ఆలస్యం కావడానికి ఇది ఒక కారణం.

బయానాకు ముందు

మన ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం వెన్నెల రాత్రి జరుగుతుంది. 2015 నుంచి ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానం చేతిలో వున్నది. కల్యాణాన్ని ఎస్వీబీసీ ప్రత్యక్షంగా చూపుతుంది. వేలాది జనం కూర్చున్న చోట వెనుక వరుసలవారికి, ఇంట్లో మంచం దిగలేని వృద్ధులకు స్వామి కనిపించాలంటే ఎక్కువ కెమెరాలు తప్పవు. రెండు వందల మంది కూర్చునే మన ఇంటి పందిరికి ఆ లెక్క వర్తించదు.

మామూలు పల్లె పెళ్లికి రెండు కెమెరాలు చాలు. ఒకటి కొంత ఎత్తున, స్టాండుపై, మండపమంతా కనిపించేలా, మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా నడవాలి. రెండవది ముఖాలను, చేతులను దగ్గరగా తీయాలి. రెండవది తప్పినా మొదటిది కాపాడుతుంది. మూడవదానికి పెట్టే డబ్బులో కొంత పైన దీపాలకు, పురోహితుని దగ్గర ఒక మంచి మైకుకు పెడితే వీడియో ఎక్కువ బాగుంటుంది. బొమ్మను ఎన్ని వైపుల నుంచైనా తీయవచ్చు గాని వినిపించే మంత్రం, మేళం ఒక్క చోట నుంచే శుభ్రంగా రావాలి.

బయానా ఇచ్చేముందు వీడియోవారిని నాలుగు సంగతులు అడగడం మంచిది. ఏ కెమెరా ఎక్కడ నిలబడుతుంది? కెమెరామన్లకు చెప్పే మనిషి ఎవరు? బొమ్మలకు రెండవ ప్రతి తీస్తారా? పూర్తయిన వీడియో ఏ తేదీకి ఇస్తారు? సరిగా జవాబు చెప్పగలిగినవారు రెండు కెమెరాలతోనే మంచి పని చేస్తారు. చెప్పలేనివారి చేతిలో ఐదు కెమెరాలున్నా ఫలితం వుండదు.

మరొక మాట కూడా ముందే చెప్పి పెట్టుకోవాలి. తాళి కట్టే వేళ కెమెరాల కోసం తంతు ఆపరాదు. పిల్లను ఎత్తుకు పెంచిన అమ్మమ్మకు, నాయనమ్మకు ముందు వరుసలో కుర్చీలు వేసి, వాటికి అడ్డం రాకుండా మిగిలిన చోటులోనే స్టాండ్లు పెట్టించాలి. వీడియో ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఆ పెద్దవారు పెళ్లిని కళ్లారా చూసేది ఆ ఒక్క పూటే.